ఫ్రీకీ (2020) చూశాక మా చెల్లిని చూస్తే భయమేస్తోంది. ఇది కామెడీయా, హారరా?

గోదారిగట్టు
నిన్న రాత్రి నేనూ మా చెల్లీ ఫ్రీకీ పెట్టుకున్నాం. ఎంచింది చెల్లే. హైస్కూల్ కామెడీ అంది, సరే కానీమన్నా.

చూడనివాళ్ళకి కథ: అమెరికాలో బ్లిస్‌ఫీల్డ్ అనే ఊరు. మిల్లీ అని పదిహేడేళ్ళ పిల్ల. తండ్రి పోయి ఏడాది, తల్లి తాగుడులో పడింది, స్కూల్లో అందరికీ లోకువ. ఊళ్ళో బుచర్ అని ఒక హంతకుడు తిరుగుతుంటాడు. వాడు ఎక్కడో కొట్టేసిన పాతకాలం బాకుతో ఈ పిల్లని భుజం మీద పొడుస్తాడు. తెల్లారేసరికి పిల్ల వాడి ఒంట్లో, వాడు పిల్ల ఒంట్లో. 24 గంటల్లోపు అదే బాకుతో మళ్ళీ పొడిస్తే ఎవరి ఒళ్ళు వాళ్ళకి. లేదంటే జన్మంతా అంతే.

నా గోల కథ గురించి కాదు. వడ్రంగం నేర్పే మాస్టారిని రంపం బల్ల మీద రెండు చీలికలు చేసే సీన్ ఒకటి ఉంది. నేను కళ్ళు మూసుకున్నా. పక్కన మా చెల్లి పడీ పడీ నవ్వుతోంది. డిగ్రీ సెకండియర్ పిల్ల. బొద్దింకని కొట్టబోతే "వద్దన్నయ్యా" అని చెయ్యి పట్టుకునే రకం. అలాంటిది మనిషిని చీరుతుంటే నవ్వడమేంటి? ఇలాంటివి చూసి నవ్వేవాళ్ళ బుర్ర ఎలా పనిచేస్తుంది? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

సెకండ్‌షో_సూరి
బొద్దింక హోంవర్క్ ఇవ్వదు కదా బాసూ.

హనుమకొండ_చిన్నోడు
మస్తు సినిమా అన్నా గది. నేనైతే మూడుసార్లు చూసిన. బుచర్‌గా చేసిన విన్స్ వాన్ ఆరడుగుల అయిదంగుళాల మనిషి, పదిహేడేళ్ళ పోరి లెక్క ఉరుకుతుంటే నవ్వక ఏం జేస్తరు? నువ్వు రంపం ఒక్కటే జూసినవ్.

గోదారిగట్టు
@హనుమకొండ_చిన్నోడు ఆ పరుగు దగ్గర నేనూ నవ్వాను. దానికి కాదంటున్నానా? రంపం దగ్గర నవ్వడం సంగతి చెప్పు.

బయాలజీ_మేడమ్
నేను పందొమ్మిదేళ్ళుగా హైస్కూల్ టీచర్ని. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుళ్ళతో కలిసి చూశాను. రంపం సీన్‌కి ఇద్దరూ చప్పట్లు కొట్టారు. తర్వాత చిన్నవాడు నా మొహం చూసి "సారీ అత్తా" అన్నాడు.

వాళ్ళని నేనేమీ అనలేదు. ఎందుకంటే చప్పట్లు కొట్టించింది సినిమానే. ఆ మాస్టారు మొదట్లోనే కనిపిస్తాడు. పిల్ల ఆలస్యంగా వచ్చిందని క్లాసు ముందు నిలబెట్టి మాటలతో చీరేస్తాడు. అంటే చంపే ముందే మన చేతికి పర్మిషన్ చీటీ రాసి ఇచ్చేశారు. మంచి మాస్టారిని అదే రంపం మీద పెట్టి ఉంటే మీ చెల్లెలు నవ్వేది కాదు. మీరు చూడాల్సింది బుర్రని కాదు, ఆమెకి స్కూల్లో ఎవరైనా మాస్టారు అలా దొరికాడేమో కనుక్కోండి.

రాత్రిపిట్ట
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మా తొమ్మిదో తరగతిలో లెక్కల సారు ఒకాయన మార్కులు తక్కువ నుంచి ఎక్కువకి చదివేవారు. మొదటి పేరు ఎప్పుడూ నాదే. పేపర్ చేతికివ్వకుండా గాల్లో వదిలేవారు, వంగి ఏరుకోవాలి. పాతికేళ్ళయింది, ఆ పేపర్ కింద పడేటప్పటి చప్పుడు ఇప్పటికీ గుర్తే. రంపం సీన్ నేను వెనక్కి జరిపి మరీ చూశాను. సిగ్గుపడను.

కర్నూలు_కత్తి
ఏమప్పా, అందరూ ఇట్లా ఒప్పేసుకుంటే ఎట్లా? తిట్టినాడని మనిషిని రెండు చీలికలు చేసేది న్యాయమా? అది కూడా పిల్ల చెయ్యలా, పిల్ల ఒంట్లో ఉండే హంతకుడు చేసినాడు. వానికి ఆ మాస్టారు తిట్టింది తెలియను కూడా తెలీదు. మీరేమో పిల్ల పగ తీర్చుకున్నట్టు సంబరపడుతుండారు.

బయాలజీ_మేడమ్
@కర్నూలు_కత్తి అదే కదండీ ఇందులో కిటుకు. చెయ్యి పిల్లది, తప్పు పిల్లది కాదు. పగ తీరుతుంది, పాపం అంటదు. ప్రేక్షకుడికి అంతకంటే సుఖం ఏముంది?

కొయ్యపని
నేను ఫర్నిచర్ షెడ్ నడుపుతా. నా బాధ వేరే. ఆ సీన్ అసలు జరగదు.

10 అంగుళాల బ్లేడు వేసిన రంపం బల్ల మీద బ్లేడు ఎంత పైకి లేపినా సుమారు 3 అంగుళాలే కోస్తుంది. మనిషి మందం ఎంత? ఒక మోస్తరు మాస్టారైనా 8, 9 అంగుళాలు ఉంటాడు. తిరగేసి రెండోవైపు నుంచి కోసినా మధ్యలో మిగిలిపోతుంది.

రెండోది. అమెరికా స్కూళ్ళలో చాలాచోట్ల సాస్టాప్ రకం రంపాలు ఉంటాయి. బ్లేడులో చిన్న కరెంట్ సిగ్నల్ తిరుగుతుంటుంది. చర్మం తగిలితే ఆ సిగ్నల్ మారుతుంది. 5 మిల్లీసెకన్లలో ఒక అల్యూమినియం దిమ్మ స్ప్రింగ్ దెబ్బకి ఎగిరి బ్లేడు పళ్ళలో ఇరుక్కుంటుంది, బ్లేడు బల్ల కిందికి దిగిపోతుంది. వేలికి గీత పడుతుందేమో, అంతే. ఆ దిమ్మ పనైపోయినట్టే, చాలాసార్లు బ్లేడు కూడా.

మా షెడ్లో ఆ రకం లేదు. 2014లో ఒక కుర్రాడి బొటనవేలి కొస పోయింది. "టప్" అని చిన్న చప్పుడు. అందరం కర్రలో ముడి తగిలిందనుకున్నాం. వాడూ అదే అనుకుని ఇంకో చెక్క అందుకోబోయాడు. చెక్క మీద మరక చూశాక తెలిసింది. సినిమాలో రంపం అరుస్తుంది, మనిషి అరుస్తాడు. నిజంలో ఎవరూ అరవరు. అందుకే నాకు ఆ సీన్ భయమూ వెయ్యలేదు, నవ్వూ రాలేదు. బల్ల మీద పుష్ స్టిక్, అదే చెక్కని బ్లేడు వైపు తోసే కర్ర, ఉందా లేదా అని చూశా.

సెకండ్‌షో_సూరి
మనిషి చీలిపోతుంటే పుష్ స్టిక్ వెతికినవాణ్ణి ఇదే చూడటం. 🙏

హనుమకొండ_చిన్నోడు
కొయ్యపని అన్న చెప్పినంక ఆ సీన్ ఇంకింత నవ్వొస్తది. మాస్టారును పెట్టంగనే "టక్" అని రంపం ఆగిపోవుడు, బుచర్‌గాడు స్విచ్ మళ్ళ మళ్ళ కొట్టుడు, కొత్త దిమ్మ కోసం ఆఫీస్ రూంల సంతకం పెట్టుడు.

ఫిజియో_గారు
రంపం సంగతి వచ్చింది కాబట్టి, ఆ ఐస్ సీన్ కూడా చెప్పేస్తా. మిల్లీని ఏడిపించే అమ్మాయిని క్రయోథెరపీ (చలి వైద్యం) పెట్టెలో పెట్టి గడ్డకట్టించి ముక్కలు చేస్తాడు చూడండి. ఆటగాళ్ళకి వాడే ఆ గదుల్లో చలి మైనస్ 110 డిగ్రీలు, ఇంకా కిందికి కూడా ఉంటుంది. నిజమే. కానీ ఉంచేది రెండు మూడు నిమిషాలు, చల్లబడేది చర్మం. లోపల రక్తం తిరుగుతూనే ఉంటుంది. మనిషి గాజుబొమ్మలా పగలడం ఉండదు. నైట్రోజన్‌తో నడిచే పెట్టెల్లో అసలు ప్రమాదం చలి కాదు, ఊపిరి. నైట్రోజన్ నిండితే ఆక్సిజన్ తగ్గిపోయి మనిషి చడీ చప్పుడూ లేకుండా కూలబడిపోతాడు.

గోదారిగట్టు
మీరిద్దరూ కలిసి సినిమాలో ఒక్కణ్ణీ చావనిచ్చేలా లేరు. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

చిలకలపూడి_సత్యం
మిత్రులారా, దీనికి ఇంగ్లీషు సినిమా చూడాలా? పరకాయ ప్రవేశం మన సొత్తు. శంకరాచార్యుల వారు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ వినలేదా? మండనమిశ్రుని భార్య ఉభయభారతి అడిగిన ప్రశ్నలకి జవాబు కోసం వెళ్ళారు. ఇక్కడ గుహలో ఆయన దేహాన్ని శిష్యులు కాపలా కాశారు. మా నాయనమ్మ విక్రమార్కుడి కథ చెప్పేది. రాజు చిలక ఒంట్లోకి దూరితే, వెంట ఉన్నవాడు ఖాళీగా ఉన్న రాజు ఒంట్లోకి దూరి సింహాసనం ఎక్కేస్తాడు. ఇదే కథ, ఇదే మోసం.

సెకండ్‌షో_సూరి
@చిలకలపూడి_సత్యం గారూ, అవి వన్‌వే. ఒకరు వెళ్తే ఒక ఒళ్ళు ఖాళీగా ఉంటుంది, కాపలా పెట్టాలి. ఇక్కడ మీ పిల్ల మా ఇంటికి, మా పిల్లాడు మీ ఇంటికి. ఇది పరకాయ ప్రవేశం కాదండీ, కుండమార్పిడి.

బయాలజీ_మేడమ్
కుండమార్పిడి 😂😂 టీ మీద పోసుకున్నాను.

చిలకలపూడి_సత్యం
నవ్వండి నవ్వండి. కుండమార్పిడిలోనూ ముహూర్తం ఉంటుంది. వీళ్ళకి పెట్టిన ముహూర్తం చూశారా? శుక్రవారం! లక్ష్మీదేవికి ఇష్టమైన రోజు నెత్తురు కళ్ళజూస్తారా ఎవరైనా?

రాత్రిపిట్ట
వాళ్ళకి 13వ తారీకు శుక్రవారం పడితే అరిష్టం సత్యం గారూ. సినిమా 2020 నవంబర్ 13న విడుదలైంది, అదీ శుక్రవారమే. కావాలనే పెట్టుకున్నారు. మొదట అనుకున్న పేరు కూడా ఫ్రీకీ ఫ్రైడే ది థర్టీన్త్. సినిమా మొదలయ్యేది "11వ తారీకు బుధవారం" అనే అక్షరాలతో. ఫ్రైడే ది థర్టీన్త్ అనే పాత స్లాషర్ (హంతకుడు ఒక్కొక్కరినీ నరుక్కుంటూ పోయే సినిమా) టైటిల్‌ని ఏడిపించడం అన్నమాట. నేను అక్కడే పడిపోయా.

కర్నూలు_కత్తి
మన దగ్గర తీస్తే ఆదివారం అమావాస్య పెట్టాల. శుక్రవారం అంటే మా అమ్మ టీవీ కట్టేస్తాది.

హనుమకొండ_చిన్నోడు
మంగళారం పెట్టినా అయితది. కటింగే చేయించుకోరు, ఇగ గొంతులేం కోస్తరు.

డల్లాస్_డాబా
అమెరికాలో ఉన్నదాన్ని కాబట్టి ఒక ముక్క. ఆ హోమ్‌కమింగ్ అంటే ఏంటని ఇక్కడ ఎవరూ అడగలేదు, సినిమాలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది. పాత విద్యార్థులు తిరిగి స్కూలుకి వచ్చే వారం. ఒక ఫుట్‌బాల్ మ్యాచ్, ఒక డాన్స్. మా టెక్సాస్‌లో ఆడపిల్లలు దీనికోసం మమ్ అని రిబ్బన్ల పువ్వు కట్టుకుంటారు. పువ్వు అన్నానా, అది మెడ నుంచి మోకాళ్ళ దాకా ఉంటుంది, గంటలు, బొమ్మలు, లైట్లు. మా అమ్మాయిది తయారు చేయడానికి రెండు రాత్రులు గ్లూ గన్‌తో కూర్చున్నా, రెండు వేళ్ళు కాల్చుకున్నా. మా అమ్మ వీడియోకాల్‌లో చూసి "దాని మెళ్ళో బోనాల ఘటం కట్టావేంటే?" అంది.

ఇంకొకటి. మిల్లీ స్కూల్ మస్కట్, అంటే మ్యాచ్‌లో బొమ్మ వేషం వేసుకుని గెంతే పిల్ల. అది బీవర్. తెలుగు సబ్‌టైటిల్ ఎవరైనా చేస్తే దయచేసి నీటికుక్క అని రాయకండి. నీటికుక్క వేరు. బీవర్ చెట్లు కొరికి వాగుకి అడ్డం కట్టే జంతువు, మన దేశంలో లేదు.

పులిహోర_పండు
బొమ్మ వేషం అన్నారు కాబట్టి నా గాయం కూడా. ఆరో తరగతి యాన్యువల్ డేకి నన్ను ఎలుగుబంటిని చేశారు. అద్దె వేషం, లోపల ముందు వేసుకున్నవాడి చెమట వాసన. కళ్ళ దగ్గర గాజు అంటించారు, చూడాలంటే నోట్లోంచే. స్టేజి మీద ఇద్దరం ఎలుగుబంట్లం. మా నాన్న పని మానుకుని వచ్చి రీల్ మొత్తం ఫొటోలు తీశాడు. కడిగించాక చూస్తే అన్నీ రెండో ఎలుగుబంటివి. ఇప్పటికీ మా ఇంట్లో గోడ మీద ఉంది ఆ ఎలుగుబంటి. ఎవరి కొడుకో.

సెకండ్‌షో_సూరి
ఇది కదా బాడీ స్వాప్ అంటే.

డల్లాస్_డాబా
@పులిహోర_పండు నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు బాబూ. ఇదిగో @గోదారిగట్టు, నీ ప్రశ్నకి జవాబు.

గోదారిగట్టు
ఎలుగుబంటిని ఎవరూ రంపం మీద పెట్టలేదు కదండీ.

నల్లకోటు
కాస్త సినిమా గురించి కూడా మాట్లాడుకుందామా. నటుల్ని ఎంచిన తీరు చూడండి. విన్స్ వాన్ 1998లో వచ్చిన సైకో రీమేక్‌లో నార్మన్ బేట్స్. అంటే హంతకుడి పాత్ర కొత్త కాదు, హాస్యం ఎలాగూ అతని వృత్తి. రంపం కింద పోయిన మాస్టారు ఆలన్ రక్. 1986లో ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్‌లో స్కూల్ ఎగ్గొట్టే కుర్రాళ్ళలో ఒకడు ఇతనే. స్కూల్ ఎగ్గొట్టినవాణ్ణి 34 ఏళ్ళకి తీసుకొచ్చి స్కూల్లోనే చంపారు. ఈ పేరు పుట్టిన మూలం మేరీ రాడ్జర్స్ 1972లో రాసిన ఫ్రీకీ ఫ్రైడే నవల. అందులో తల్లీ కూతుళ్ళు మారిపోతారు. 2003 సినిమాలో ఆ తల్లి జేమీ లీ కర్టిస్. ఆమె 1978 హాలోవీన్‌లో హంతకుడి నుంచి తప్పించుకున్న హైస్కూల్ పిల్ల. ఈ రెండు దారులూ ఎప్పుడో ఒకరోజు కలవాల్సిందే.

దర్శకుడు క్రిస్టఫర్ లాండన్ అంతకుముందు 2017లో హ్యాపీ డెత్ డే తీశాడు. పుట్టినరోజు నాడు హత్యకి గురై మళ్ళీ అదే పొద్దున లేచే అమ్మాయి కథ. ఈయన పద్ధతి ఒకటే: పాత కామెడీ సినిమా ఐడియా ఒకటి తీసుకుని దాని చేతిలో కత్తి పెట్టడం.

హనుమకొండ_చిన్నోడు
నల్లకోటు అన్న వచ్చిండంటే క్లాస్ మొదలైనట్టే. అటెండెన్స్ తీస్కోండ్రి.

రాత్రిపిట్ట
స్లాషర్లు ఎప్పుడూ హైస్కూల్లోనే ఎందుకు తీస్తారు నల్లకోటు గారూ?

నల్లకోటు
@రాత్రిపిట్ట డబ్బు. 1978 హాలోవీన్ మూడు లక్షల చిల్లర డాలర్లతో తీశారు. పేరులేని కుర్రనటులు, అద్దెకి ఇల్లు, సెలవుల్లో ఖాళీగా ఉండే బడి. చూసేదీ ఆ వయసువాళ్ళే. ఫ్రీకీ కూడా 60 లక్షల డాలర్ల సినిమానే, వాళ్ళ లెక్కలో చిల్లర. ఇంకో కారణం, స్లాషర్‌లో ఎవరు ముందు చావాలో ప్రేక్షకుడికి ముందే తెలియాలి. బడిలో ఆ జాబితా రెడీగా ఉంటుంది: గొప్పింటి పిల్ల, ఆటల హీరో, వెనక బెంచీ.

బయాలజీ_మేడమ్
ఆ జాబితాని ఏడిపించిన డైలాగ్ ఒకటి ఉంది కదా. బుచర్ ఒంట్లో ఉన్న మిల్లీ తరుముతుంటే దోస్తులిద్దరూ పారిపోతారు. "నువ్వు నల్లపిల్లవి, నేను గేని, మన పని అయిపోయింది" అంటాడు కుర్రాడు. పాత స్లాషర్లలో అలాంటివాళ్ళే ముందు పోయేవారు కాబట్టి. చివరికి ఇద్దరూ బతుకుతారు. ఆ మాటకి నేను గట్టిగా నవ్వాను, ఇంట్లో ఇంకెవరూ నవ్వలేదు. ఒక్కొక్కరి నవ్వు ఒక్కోచోట.

కర్నూలు_కత్తి
నాకు ఆ సినిమాలో నచ్చనిది వేరే ఉండాది. ఆ బుచర్‌గాడు ఎందుకు చంపుతాడు? చెప్పడు. వానికి కథే లేదు. మన దయ్యానికైతే ఫ్లాష్‌బ్యాక్ ఉంటాది. ఎవడో అన్యాయం చేసింటాడు, పాటలో చంపింటాడు. తెల్లచీర, పసుపు, కుంకుమ. సెకండాఫ్‌లో మనకి దయ్యం మీద జాలి పుట్టాల. ఈనికి ఏముంది? గడ్డం ఉంది.

సెకండ్‌షో_సూరి
మన దయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ తీసేస్తే సినిమా ఇంటర్వెల్‌కే అయిపోతుంది. క్యాంటీన్‌వాడు ఏం తినాలి?

రాత్రిపిట్ట
మన హారర్ కామెడీల్లో నాకు నచ్చింది ఆనందో బ్రహ్మ (2017). అందులో దయ్యాలే మనుషుల్ని చూసి జడుస్తాయి. అదీ తిరగేసిన ఐడియానే. కానీ చూడండి, ఎంత నవ్వించినా మనవాళ్ళు రక్తం జోలికి పోరు. నవ్వు, భయం రెండూ ఉంటాయి, ఒకే ఫ్రేమ్‌లో ఉండవు. ఫ్రీకీలో రెండూ ఒకే పళ్ళెంలో వడ్డిస్తాడు. గోదారిగట్టు గారికి అరగనిది అదే అనుకుంటా.

గోదారిగట్టు
@రాత్రిపిట్ట ఇంతసేపటికి నా బాధ ఒకరికి అర్థమైంది. అదే. పాయసంలో ఆవకాయ వేసినట్టుంది నాకు.

హనుమకొండ_చిన్నోడు
మా దోస్తుగాడు పెరుగన్నంల లడ్డూ పిసుక్కొని తింటడు. అలవాటైతే ఏం గాదు.

నల్లకోటు
@కర్నూలు_కత్తి బుచర్‌కి కథ లేకపోవడం పొరపాటు కాదు. వాడు ఖాళీ డబ్బా. అందుకే ఆ పిల్ల వాడి ఒంట్లో పడితే మొత్తం ఆమే కనిపిస్తుంది. వాన్ ఆడపిల్లలా వేళ్ళు తిప్పుతూ వెకిలి చెయ్యడు. భుజాలు ముడుచుకుంటాడు. అంత పెద్ద మనిషి చోటు తక్కువ తీసుకోవాలని చూస్తాడు. ఏడిపించబడిన పిల్ల నడక అది.

డల్లాస్_డాబా
ఆ బట్టలకొట్టు సీన్! మిల్లీ తల్లి పనిచేసే కొట్టులో ట్రయల్ రూమ్‌లో దాక్కుంటుంది. తలుపు ఇవతల తల్లి, అవతల ఆరున్నర అడుగుల కూతురు. తల్లికి ఎవరో మగమనిషి గొంతు. మొగుడు పోయాక పిల్లతో ఎలా ఉండాలో తెలియట్లేదని ఆ గొంతుకి చెప్పుకుంటుంది. కన్నకూతురికి చెప్పలేనిది. వాన్ మొహం మీద కెమెరా. నేను ఏడ్చా. రెండు నిమిషాల్లో తల్లి ఆ గొంతుకి లైన్ వెయ్యడం మొదలెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వా.

ఫిజియో_గారు
మిల్లీగా చేసిన క్యాథరిన్ న్యూటన్‌ని ఎవరూ మెచ్చుకోవట్లేదే. నా లెక్కలో ఆమెదే కష్టం. వాన్‌కి మాటలున్నాయి, ఆమెకి చూపులే. ఎర్ర తోలు జాకెట్ వేసుకుని కారిడార్‌లో నడుస్తుంటే పిల్లలంతా "అబ్బ, ఎంత మారిపోయింది" అనుకుంటారు. లోపల ఉన్నది ఎవర్ని ముందు కొయ్యాలా అని చూస్తున్న మనిషి. మాస్టారి మీద కలబడితే ఒంట్లో బలం చాలక విసిరేయబడుతుంది కదా, అప్పుడు తన చేతుల్ని తనే చూసుకునే చూపు! కొత్తగా కట్టు విప్పాక పేషెంట్లు తమ చెయ్యిని అలాగే చూసుకుంటారు.

కర్నూలు_కత్తి
సరే, ఆ చూపు బాగుంది. ఒప్పుకుంటా. బుచర్‌కి గడ్డం కూడా బాగుండాది. అంతకుమించి ఒప్పుకోను.

వేదిక_నిర్వాహకుడు
రంపం కొలతల మీద వేరే థ్రెడ్ పెట్టమని ముగ్గురు మెసేజ్ చేశారు. పెట్టను. చివరి సీన్ ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, సంతోషం, అలాగే ఉండండి.

బొద్దింక_పాపం
(కొత్త సభ్యురాలు)
ఆ చెల్లిని నేనే. ఎవరో లింక్ పంపితే మొత్తం చదివాను. బయాలజీ మేడమ్ గారూ, నన్ను ఏ మాస్టారూ ఏడిపించలేదండీ, నేను క్లాస్ లీడర్ని. నేనే ఏడిపించేదాన్ని.

నేను నవ్వింది సినిమా చూసి కాదు. అసలా రంపం సీన్ నేను సరిగ్గా చూడనే లేదు. రంపం తిరగడం మొదలవగానే మా అన్నయ్య ఒళ్ళో ఉన్న జంతికల డబ్బా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మూత తీసుంది. జంతికలన్నీ కాలర్‌లోంచి చొక్కాలోకి పోయాయి. అయినా డబ్బా దించలేదు. లోపల్నుంచి "అయిపోయిందా, అయిపోయిందా" అని అడుగుతున్నాడు. కదిలినప్పుడల్లా చొక్కాలో కరకరమని చప్పుడు. అయిపోయి పది నిమిషాలైనా నేను "ఇంకా లేదు" అని చెప్తూనే ఉన్నాను.

బొద్దింకని కొట్టొద్దనేది జాలితో కాదు. వీడు చెప్పు విసిరితే టీవీకి తగులుతుంది. ఒకసారి తగిలింది.

రాత్రి రెండింటికి నీళ్ళు తాగాలని నన్ను లేపి వంటింట్లోకి తోడు తీసుకెళ్ళాడు. అది కూడా రాయలేదు కదూ అన్నయ్యా?

సెకండ్‌షో_సూరి
😂😂😂 ఈ ఏడాదికి ఇదే బెస్ట్ ట్విస్ట్. లాండన్‌కి పంపండి.

బయాలజీ_మేడమ్
అమ్మా, అంత పొడుగు విశ్లేషణ రాశాను. చెరిపేసుకోనా?

కొయ్యపని
ఉంచండి మేడమ్. నాది మాత్రం కరెక్టే, 3 అంగుళాలే.

హనుమకొండ_చిన్నోడు
@గోదారిగట్టు అన్నా యాడున్నవ్? ఆన్‌లైన్ల కనబడుతున్నవ్, మాట్లాడతలేవ్.

గోదారిగట్టు
జంతికలు కాదు. చేగోడీలు.